చెవి చెప్పే సాక్ష్యం

పిల్లలూ! బస్సులోనో, ఇంటి అరుగు మీదనో కూచుని, చెవుల్లో రెండు గింజల వంటివి పెట్టుకుని, లోకాన్ని మరచి పాటలు వినే అన్నయ్యలను, అక్కయ్యలను మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఆ గింజలనే ఇయర్‌ఫోన్లు అంటున్నాం. నూరు రూపాయలకు సంతలో దొరికేవి ఉన్నాయి; పదిహేను, ఇరవై వేలు పోసి తెప్పించుకునేవీ ఉన్నాయి. రెండూ చేసే పని ఒక్కటే. ఫోనులోనుంచి వచ్చిన విద్యుత్తును శబ్దంగా మార్చి చెవికి అందించడమే వాటి పని. మరి ధరలో ఇంత తేడా ఎందుకు? వేలు పోసిన వాటిలో నిజంగా గొప్ప ధ్వని ఉన్నదా? ఉంటే, అది మన చెవికి తెలుస్తుందా?

కొన్నేళ్ళుగా ఈ సామానులో "ప్లేనార్ మాగ్నెటిక్" అనే రకం పేరు బాగా వినబడుతున్నది. మాది నాగర్‌కర్నూలు జిల్లాలోని తిమ్మాజిపేట. మహానగరం కాదు, మండల కేంద్రం. ఇక్కడ కూడా కాలేజీ చదివే కుర్రవాళ్ళు, "సార్, ప్లేనార్ కొనవచ్చునా? మామూలు దానికంటే బాగుంటుందట గదా!" అని నన్ను అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చడం నాకు చేతకాదు. కనుక ముందు దాని లోపల ఏమున్నదో చూద్దాం. తరువాత రెంటినీ పోల్చే పద్ధతి ఏమిటో చూద్దాం. ఆ రెండోదే అసలు సంగతి.

మీరు డప్పు చూశారు గదా? వాయించబోయే ముందు దాన్ని మంట దగ్గర కాస్త కాచి, చర్మం బిగిసేట్లు చేస్తారు. దెబ్బ పడగానే చర్మం లోపలికి, బయటికి ఊగుతుంది. ముందుకు వచ్చినప్పుడు ఎదుటి గాలిని నొక్కుతుంది. వెనక్కు పోయినప్పుడు వదులుతుంది. ఈ నొక్కుడు, వదులుడు గాలిలో అలలుగా సాగివచ్చి మన చెవిలోని కర్ణభేరిని ఊపుతాయి. ఇదే శబ్దం. ఒక సెకనులో ఇట్లా ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్‌జ్‌లు అంటాము. 20 మొదలు 20,000 హెర్ట్‌జ్‌ల దాకా పిల్లల చెవులు వినగలవు. నా వంటి వయసు మళ్ళినవాళ్ళకు పైభాగం చాలావరకు పోతుంది. కనుక ఈ పరీక్షలో మీరే నాకంటే మంచి సాక్షులు.

ప్రతి ఇయర్‌ఫోనులోను గోరంత డప్పు ఒకటి ఉంటుంది. కాగితం కంటే ఎంతో పల్చని పొర అది. దాన్ని కొట్టేవాడు ఎవడు? విద్యుత్తు, అయస్కాంతం కలిసి కొడతాయి. విద్యుత్తు ప్రవహించే తీగను అయస్కాంతం దగ్గర ఉంచితే, ఆ తీగను ఒక బలం పక్కకు నెడుతుంది. విద్యుత్తు దిక్కు మారిస్తే, బలం దిక్కు కూడా మారుతుంది. పై తరగతుల్లో ఈ పాఠం మీకు వస్తుంది. పాటలో స్వరం ఎట్లా ఊగితే, తీగలోని విద్యుత్తు అట్లా ఊగుతుంది. దానితోపాటు పొర ఊగుతుంది.

మామూలు ఇయర్‌ఫోనును డైనమిక్ రకం అంటారు. ఇందులో సన్నని తీగను ఉంగరంలాగా చుట్టి, పొర నడుమ అతికిస్తారు. ఆ చుట్ట అయస్కాంతం సందులో కదులుతూ, పొరను నడుమ నుంచి ముందుకు తోసి వెనక్కు లాగుతుంది. ప్లేనార్ రకంలో చుట్ట లేదు. పొర చదునుగా, బిగువుగా ఉంటుంది. దాని మీద లోహపు గీతలు ముగ్గు వేసినట్లు అటూ ఇటూ తిరుగుతూ, దాదాపు పొరనంతా కమ్ముకుని ఉంటాయి. ముందూ వెనకా, లేదా ఒక పక్కన, సన్నని అయస్కాంతపు కడ్డీలు వరుసగా పేర్చి ఉంటాయి. విద్యుత్తు రాగానే, గీతలున్న మేర అంతటా ఒక్కసారే బలం పడుతుంది.

తేడా ఏమిటో ఇంట్లో దుప్పటితోనే చూడవచ్చు. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని దుప్పటిని చాపండి. ఐదోవాడు కిందినుంచి కర్రతో నడిమి భాగాన్ని గబగబా పైకి పొడవాలి. నడుము లేస్తుంది, అంచులు ఆలస్యంగా లేస్తాయి, మధ్యలో ముడతలు పడతాయి. కర్రకు బదులు పదిమంది పిల్లలు దుప్పటి కింద దూరి, అరచేతులు అంతటా ఆనించి, "ఒకటి, రెండు" అంటూ కలిసి ఎత్తితే దుప్పటి మొత్తం ఒకేసారి లేస్తుంది. మొదటిది డైనమిక్, రెండోది ప్లేనార్. ముడతలు పడకుండా కదిలే పొరలో స్వరం తక్కువగా చెడుతుంది. ఇదీ ప్లేనార్ గొప్పతనం. అయితే, మంచి డైనమిక్ తయారుచేసేవాళ్ళు ఊరుకోలేదు. పొరను గిన్నె ఆకారంలో వంచి, గట్టి పదార్థాలు పూసి, ఆ ముడతలు బాగా తగ్గించారు. కనుక సిద్ధాంతంలో కనిపించే తేడా అంతా చెవిదాకా వస్తుందని అనుకోకూడదు.

ప్లేనార్‌కు ఒక చిక్కు కూడా ఉన్నది. అయస్కాంతాలకూ పొరకూ నడుమ కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే ఊగే పొర వాటికి తగులుతుంది. అందువల్ల, అదే విద్యుత్తుకు పుట్టే బలం సాధారణంగా తక్కువ. ఎద్దు మంచిదే కాని మేత ఎక్కువ! ఫోనులో ఒకే అంకె దగ్గర శబ్దం పెట్టి రెండు రకాలనూ వింటే, చాలాసార్లు ప్లేనార్ మెల్లిగా వినిపిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

ఇదంతా నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1910 ప్రాంతంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో తలకు తగిలించుకునే శ్రవణ యంత్రాలు తయారుచేసి, ఆ దేశపు నౌకాదళానికి అమ్మాడు. 1937లో జర్మనీలోని బేయర్ కంపెనీ డైనమిక్ రకం హెడ్‌ఫోను తెచ్చింది. 1976లో జపానులోని యమహా కంపెనీ హెచ్‌పీ-1 అనే పేరుతో చదును పొర ఉన్న హెడ్‌ఫోను అమ్మింది. అది చెవులను మూసే పెద్ద సైజుది. అంత పెద్ద పొరను, అయస్కాంతాల వరుసలను చెవి రంధ్రంలో పట్టేటంత చిన్నవి చేయడానికి మరి నలభై ఏళ్ళు పట్టింది. 2016లో కాలిఫోర్నియాలోని ఆడీజీ కంపెనీ ఐసైన్ అనే జత ప్రకటించింది. దాని పొర 30 మిల్లీమీటర్ల వెడల్పు. గింజ కాదు, చెవి బయట సాలెగూడు పట్టినట్లు ఉండేది. 2021లో చైనానుంచి సెవెన్‌హెర్ట్‌జ్ టైమ్‌లెస్ వచ్చింది, పొర 14.2 మిల్లీమీటర్లు. మరుసటి ఏడు లెట్‌షుయోర్ ఎస్12 వచ్చింది, 14.8 మిల్లీమీటర్లు. ఈ రెండూ వచ్చాక ప్లేనార్ మామూలువాళ్ళ నోట పడింది. మామూలువాళ్ళంటే, ఒక జతకు రెండు వందల డాలర్లు పెట్టగలిగిన మామూలువాళ్ళన్నమాట.

సరే, మీ ముందు రెండు జతలు ఉన్నాయనుకోండి, ఒకటి డైనమిక్, ఒకటి ప్లేనార్. ఏది బాగున్నదో ఎట్లా చెబుతారు? "ఇందులో ఏముంది సార్, ఒకటి విని, ఇంకొకటి విని, బాగున్నది బాగున్నదంటాం" అని మీరు అంటారు. అక్కడే ఉన్నది తిరకాసు. కోర్టులో సాక్షి అబద్ధం చెప్పాలనుకోకుండానే తప్పు చెప్పవచ్చు. అట్లాగే మన చెవి కూడా.

దీన్ని రుజువు చేసే ఆట ఒకటి ఉన్నది. దీనికి రెండు జతలు అక్కర లేదు, ఒక్కటి చాలు. ఒక పాట ముక్క, పదిహేను సెకన్లది, ఎంచుకోండి. శబ్దం మెల్లిగానే ఉంచండి. వినేవాడు కళ్ళు మూసుకోవాలి. ఫోను స్నేహితుడి చేతిలో ఉండాలి. స్నేహితుడు ఆ ముక్కను రెండుసార్లు వినిపిస్తాడు: ఒకసారి మామూలుగా, ఇంకొకసారి శబ్దం ఒకే ఒక్క మెట్టు పెంచి. ఏది ముందు, ఏది వెనక అన్నది బొమ్మా బొరుసూ వేసి తేల్చుకోవాలి. "శబ్దం పెంచాను" అని చెప్పకూడదు. "రెండు రకాలుగా వినిపించాను, ఏది స్పష్టంగా ఉన్నది?" అని మాత్రం అడగాలి. ఇట్లా పదిసార్లు చేసి, జవాబులు కాగితం మీద రాయాలి.

మా ఇంటి వరండాలో ఏడో తరగతి పిల్లలతో ఈ ఆట ఆడించాను. "రెండోది స్వచ్ఛంగా ఉంది", "ఇందులో తబలా బాగా వినబడుతోంది", "ఇది కొత్త ఇయర్‌ఫోన్ లాగుంది" అన్నారు వాళ్ళు. చాలాసార్లు వాళ్ళు మెచ్చుకున్నది ఒక మెట్టు పెంచినదే! శబ్దం పెరిగిందని మాత్రం ఒకరిద్దరు తప్ప ఎవరూ అనలేదు. అదే జత, అదే పాట.

ఇది గుడ్డిగా తగిలిన రాయి కాదని ఎట్లా తెలుస్తుంది? లెక్క వేద్దాం. గుడ్డిగా చెబితే ప్రతిసారీ రెండు దారులు. పదిసార్లకు రెండును పదిసార్లు గుణించాలి, అంటే 1,024 దారులు. వాటిలో పదికి పది పెంచినదానినే ఎంచుకునే దారి ఒక్కటి. సరిగా తొమ్మిదిసార్లు ఎంచుకునే దారులు 10. అంటే, తొమ్మిదో పదో సార్లు గుడ్డిగా అట్లా జరగడానికి 1,024లో 11 అవకాశాలు మాత్రమే, నూటికి ఒకటి. మీ స్నేహితుడు పదింటిలో తొమ్మిదిసార్లు గట్టిగా ఉన్నదాన్నే మెచ్చితే, అది అదృష్టం కాదు, చెవి స్వభావం. ఆరేడు సార్లే అయితే, ఇంకా చెప్పలేం. మరో పదిసార్లు ఆడించాలి.

చెవి ఎందుకట్లా చేస్తుంది? 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూపారు. శబ్దం మెల్లిగా ఉన్నప్పుడు మన చెవి నడిమి స్వరాలనే బాగా పట్టుకుంటుంది. మంద్రస్వరాలు, అంటే మృదంగంలో ఎడమ పక్క పలికే గుమ్మనే మోతలు, దానికి సరిగా ఆనవు. శబ్దం పెంచినకొద్దీ ఆ మోతలు కూడా చెవికి అందుతాయి. దాంతో పాట నిండుగా మారినట్లు తోస్తుంది. మారింది ఇయర్‌ఫోను కాదు, మన చెవి.

ఇప్పుడు పైన గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి రండి. ఫోనులో ఒకే అంకె పెట్టి రెండు జతలు వింటే, ప్లేనార్ మెల్లిగా పలికి ఓడిపోవచ్చు. అదే జతను ప్రత్యేకమైన ఆంప్లిఫయరుకు తగిలించి శబ్దం పెంచితే, డైనమిక్ ఓడిపోవచ్చు. రెండు తీర్పులూ తప్పే. కనుక పోల్చేముందు రెంటి శబ్దమూ సమానం చేయాలి. అందుకు మనిషి గొంతు ఒక్కటే ఉన్న పాట ముక్క మంచిది. ఒక జతలో గొంతు ఎంత దగ్గరగా వినిపిస్తే, రెండో జతలో కూడా అంతే దగ్గరగా వినిపించేదాకా సవరించి, ఏ జతకు ఏ అంకె అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఆ పైన ఆ అంకెలు దాటకూడదు. ధర ఎంతో, పేరేమిటో వినేవాళ్ళకు చెప్పకూడదు. కరివేపాకు కట్ట బేరమాడే మనం, పదివేల వస్తువు ముందు మాత్రం ధర చూసి చెవిని ఒప్పించేస్తాం.

సమానం చేశాక ఇంకో పేచీ ఉన్నది: రబ్బరు మూతి. ఇయర్‌ఫోను కొసకు రబ్బరు మూతులు చిన్నవి, నడిమివి, పెద్దవి ఇస్తారు. చెవి రంధ్రానికి అది సరిగా బిగియకపోతే సందులోనుంచి గాలి జారిపోయి, మంద్రస్వరాలు చచ్చిపోతాయి. పదివేల జత కూడా దోమ పాడినట్లు పాడుతుంది. పిల్లల చెవులు చిన్నవి, పెద్దల మూతి మీకు నప్పదు. రెండు చెవులకు రెండు సైజులు కావలసి రావచ్చు కూడా. దీన్ని చూసుకోకుండా "ఈ రకంలో బేస్ లేదు" అని తీర్పు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వు వస్తుంది.

మూడోది తయారుచేసేవాడి చేతిలో ఉన్నది. మన చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు గొట్టం. ఒక కొస తెరిచి, ఒక కొస కర్ణభేరితో మూసి ఉంటుంది. అటువంటి గొట్టం, తన పొడవుకు నాలుగింతలు పొడవున్న శబ్దపు అలకు బాగా మోగుతుంది. నాలుగింతలంటే పది సెంటీమీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. దాన్ని పది సెంటీమీటర్లతో భాగిస్తే 3,400. అంటే 3,000 హెర్ట్‌జ్‌ల ప్రాంతపు స్వరాలను మన చెవి పుట్టుకతోనే పెంచి వింటుంది. ఇయర్‌ఫోనుతో రంధ్రం మూసేస్తే ఆ సహజమైన పెంపు పోతుంది. దాన్ని తయారుచేసేవాడే లెక్కకట్టి ధ్వనిలో కలపాలి. తక్కువ కలిపితే గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్లుంటుంది, ఎక్కువ కలిపితే చెవిలో కేకేసినట్లుంటుంది. ఈ శ్రుతి కుదరకపోతే పొర చదునైనా, గిన్నె అయినా ఒరిగేదేమీ లేదు. నా దృష్టిలో, ఇయర్‌ఫోను మంచి చెడ్డలలో పెద్ద వాటా ఈ శ్రుతిదే. పొర రకం దాని తరువాతది.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక సంగతి వినాలి. 2017లో జెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 రకాల హెడ్‌ఫోన్లను, ఇయర్‌ఫోన్లను కొలిచిన లెక్కలు తీసుకుని, ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతున్నాయో ధరలతో పోల్చి చూశాడు. ధరకూ దానికీ సంబంధమేమీ కనబడలేదు. ఇది స్వరాల పాళ్ళ మాట మాత్రమే; మన్నిక, నగిషీ వేరు. కాని, "ఎక్కువ పెడితే బాగా వినబడుతుంది" అనే మాటకు మాత్రం పునాది పోయింది.

ఇక ఏమి వినాలి? సినిమా పాటలన్నీ ఈ పరీక్షకు పనికిరావు. ఎంత మధురమైన పాట అయినా 1950ల నాటిదైతే, ఆ కాలపు రికార్డింగులో పై స్వరాలు అంతగా ఎక్కలేదు. లేని స్వరాన్ని ఏ ఇయర్‌ఫోనూ పలకలేదు. మన జిల్లాలోనే ఇందుకు మంచి వాద్యం ఉన్నది: పన్నెండు మెట్ల కిన్నెర. లింగాల మండలంలోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య దాన్ని వాయిస్తూ పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు పాడినవాడు. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాట మొదట్లో వినిపించిన గొంతు ఆయనదే. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, పన్నెండు మెట్లు, ఇంతే ఆ వాద్యం. ఆయన వాయించిన వీడియోలు వెదికితే దొరుకుతాయి. నేపథ్యంలో ఇతర వాద్యాలు లేనిది ఎంచుకోండి.

కిన్నెర ఎందుకంటే, అందులో మూడు రకాల శబ్దాలు ఒక్కచోట ఉన్నాయి. వేలు తీగను మీటగానే టక్కుమనే చిన్న చప్పుడు మొదటిది. ఆ వెంటనే తీగ పలికే స్వరం రెండోది. బుర్రలు గుమ్మని మోసే నాదం మూడోది. వాటి మీద మనిషి గొంతు. ఒక జతలో వినేటప్పుడు మొదట మీటు మీదనే మనసు పెట్టండి. మీటుకూ మీటుకూ నడుమ నిశ్శబ్దం దొరుకుతున్నదా, లేక ఒకదానిమీద ఒకటి అలుక్కుపోతున్నాయా? రెండోసారి బుర్రల నాదం. మూడోసారి గొంతు, ముఖ్యంగా "స", "శ", "చ" అనే అక్షరాలు వచ్చినచోట చెవికి ముల్లు గుచ్చినట్లున్నదా అన్నది.

మా మనవడు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చిన ప్లేనార్ జతను, ఇంట్లో ఉన్న మామూలు డైనమిక్ జతను ఇట్లాగే సమానం చేసి, మేము విన్నాం. మీటు విషయంలో ప్లేనార్‌దే పైచేయి అని నాకూ పిల్లలకూ తోచింది. టక్కున మొదలై టక్కున ఆగుతున్నది, ఒక్కొక్క మీటూ విడివిడిగా లెక్కపెట్టవచ్చు. మృదంగం పెడితే కుడి పక్క దరువులు ముత్యాల్లా రాలాయి. బుర్రల నాదం మాత్రం డైనమిక్‌లోనే నిండుగా, ఎదుట కూచుని వాయిస్తున్నట్లు ఉన్నది. ప్లేనార్‌లో అది శుభ్రంగా ఉన్నా కాస్త పొడిగా ఉన్నది. "శ" దగ్గర ప్లేనార్ కొంచెం పదును. అరగంట వింటే పిల్లలు ఆ పదును మాట ఎత్తారు, నాకు అంతగా తెలియలేదు. కారణం నా వయసని చెప్పనక్కరలేదు. ఇది ఆ రెండు జతల సంగతి. ప్లేనార్లన్నీ ఇంతే అని దీన్నిబట్టి చెప్పడానికి లేదు. శబ్దం సమానం చేయకముందు మాత్రం ఈ తేడాలు ఏవీ ఎవరికీ వినబడలేదు. గట్టిగా పలికినది గెలిచింది, అంతే.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద సంగతి. నాసిరకం ఇయర్‌ఫోనులో శబ్దం బాగా పెంచితే, స్వరం చిరిగి బొంగురుపోతుంది. చెవి "చాలు" అంటుంది, చేయి తగ్గిస్తుంది. స్వచ్ఛంగా పలికే జతలో, అది ప్లేనార్ అయినా మంచి డైనమిక్ అయినా, ఆ హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. ఎంత పెంచినా తియ్యగానే ఉంటుంది. ఇక గట్టిగా ఉన్నదే బాగున్నదనే చెవి స్వభావం మీకు తెలుసు. ఈ రెండూ కలిస్తే చేయి పైకే పోతుంది.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉన్నది. అందులో సుమారు 15,000 సన్నని రోమకణాలు ఉంటాయి. శబ్దానికి అవి ఊగి, మెదడుకు వార్త పంపుతాయి. అతిశబ్దానికి అవి అలసిపోతాయి, మితిమీరితే చచ్చిపోతాయి. కోసిన గడ్డి మళ్ళీ మొలుస్తుంది గాని, మనిషి చెవిలో ఈ కణాలు మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, 12 మొదలు 35 ఏళ్ళ లోపువాళ్ళలో నూరు కోట్లమందికి పైగా ఈ ప్రమాదపు అంచున ఉన్నారు. ఆ సంస్థ పెద్దలకు 80 డెసిబెళ్ళు, పిల్లలకు 75 డెసిబెళ్ళు, వారానికి 40 గంటలు మించకూడదన్నది. మూడు డెసిబెళ్ళు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది, కనుక గంటలు సగం కావాలి. పిల్లలకు 78 అయితే 20 గంటలు, 81 అయితే 10, 84 అయితే 5, 87 అయితే రెండున్నర గంటలు. ఇవి రోజుకు కాదు, వారం మొత్తానికి!

"ఫోనులో నూటికి అరవై దాటకుండా పెట్టుకోండి" అనే సలహా మీరు విని ఉంటారు. మంచి సలహాయే. కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. అరవై అనేది ఫోను చెప్పే అంకె, చెవికి చేరే శబ్దం కాదు. మేత ఎక్కువ కావాల్సిన ప్లేనార్‌లో అరవై మెల్లిగా ఉండవచ్చు; సులభంగా పలికే డైనమిక్‌లో అదే అరవై కేకలు పెట్టవచ్చు; ఆంప్లిఫయరు తగిలిస్తే అరవైకి అర్థమే లేదు. కొన్ని ఫోన్లు హెడ్‌ఫోను శబ్దాన్ని డెసిబెళ్ళలో లెక్కకట్టి చూపుతాయి. ఎదురుగా కూచున్న అమ్మ మామూలు గొంతుతో మాట్లాడితే మీకు వినబడని స్థితి వచ్చిందంటే ఆపి చూడవలసిందే. బస్సులో మరీ జాగ్రత్త. ఇంజను రొద మీద పాట వినబడాలని అందరూ పెంచుతారు, దిగాక తగ్గించడం మరిచిపోతారు. రబ్బరు మూతి సరిగా బిగిస్తే బయటి రొద తగ్గి, పెంచే అవసరమే చాలావరకు పోతుంది. అయితే రోడ్డు మీద నడిచేటప్పుడు, సైకిలు తొక్కేటప్పుడు ఆ బిగువే ప్రమాదం, వెనక వచ్చే ట్రాక్టరు చప్పుడు వినబడదు. అప్పుడు జేబులో పెట్టుకోవడమే.

చెవిలో హోరు మొదలైనా, విన్న తరువాత మాటలు మూసినట్లు వినబడినా అమ్మకో నాన్నకో చెప్పండి, దాచకండి. చెవి వైద్యుడు పరీక్ష చేసి ఏ స్వరాలు ఎంత వినబడుతున్నాయో గీత గీసి చూపిస్తాడు. పదేళ్ళవాడి గీత, అరవై ఏళ్ళవాడి గీత పక్కపక్కన పెట్టి చూస్తే, మన వయసు ఎటునుంచి తరుగుతుందో తెలుస్తుంది. పై స్వరాల దిక్కునుంచి.

ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. ఒక పక్క శబ్దం తగ్గిపోతే, "చెడిపోయింది, కొత్తది కొను నాన్నా" అని మారాం చేసే ముందు రబ్బరు మూతి తీసి, లోపలి సన్నని జాలీని వెలుతురులో చూడండి. చాలాసార్లు అక్కడ గులిమి అడ్డుపడి ఉంటుంది. జాలీ నేల వైపు ఉండేట్లు పట్టుకుని, పొడిగా ఉన్న పాత టూత్‌బ్రష్షుతో మెల్లిగా దులపండి. సూది పెట్టి పొడవకండి, ఆ వెనకే ఉన్నది పొర. రబ్బరు మూతిని సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరాక తొడిగి, మళ్ళీ అదే కిన్నెర, కాగితం మీద రాసుకున్న అదే అంకె దగ్గర పెట్టి వినండి.